ఎలుగుబంటికి కుట్టిన నవ్వు

మొన్న దిగపహండిలో బరంపురం బస్సు కదలబోతూండగా ఒకావిడ గంపతో ఎక్కింది. ముందు వాసన ఎక్కింది, తరవాత గంప, ఆ తరవాత ఆవిడ. జీడిపండు వాసన ఎరగనివాళ్ళకి ఎలా చెప్పను? పక్కింట్లో బెల్లప్పాకం మాడుతున్నట్టు, గొంతులో ఎవరో దూది పెట్టి గోకుతున్నట్టు, తియ్యగా, వగరుగా, కాస్త మత్తుగా ఉంటుంది. ఆ దెబ్బకి బస్సులో సగంమంది కిటికీలు తెరిచారు, తక్కిన సగంమంది నోళ్ళు తెరిచారు, డ్రైవరు గేరు మార్చడం మరిచిపోయి కళ్ళు మూసుకున్నాడు. ఇందులో కిటికీల సంగతి మాత్రం నిజం. ఆవిడ నా పక్కన కూలబడి గంపని కాళ్ళ మధ్య ఇరికించుకుంది. బస్సు గోతిలో పడినప్పుడల్లా ఆ గంపలోంచి గలగలమని ఒక చప్పుడు. డబ్బాలో గులకరాళ్ళ చప్పుడు. నిద్రలోనైనా పోల్చుకోగలను దాన్ని. అది మా నాని చప్పుడు.

నాని అంటే మా గంజాం ఒడియాలో అక్క. ఆవిడ అసలు పేరు సత్యవతి. తండ్రి రైల్వే గార్డు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి హల్దియాపదర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. మా ఆఫీసు అటెండరు ఒడియా ఆయన, ఆయన నాని అనడంతో ఆఫీసంతా నాని అనేది. అడవి జంతువుల్ని కాపాడడానికి పుట్టిన ఒక చిన్న సంస్థలో ఆవిడ ప్రచారానికీ ప్రజాసంబంధాలకీ అధిపతి. ఆ హోదా రాసిన బోర్డు తలుపు కంటే పొడుగు. బోర్డు వెనక ఉన్నది మాత్రం ఒక బల్ల, తిరగడానికి బద్ధకించే ఒక ఫ్యాను, వాచిన మోకాళ్ళని ఎదుటి కుర్చీమీద పెట్టుకుని కూర్చున్న యాభయ్యేళ్ళ సన్నటి ఆడమనిషి. ఆవిడని నేను ఎప్పుడు చూసినా అప్పుడే ఎక్కణ్ణించో తిరిగొచ్చినట్టుండేది, లేదా అప్పుడే ఎక్కడికో బయల్దేరాలి అన్నట్టుండేది.

అప్పట్లో నేను బరంపురంలో ఒక అప్పడాల వ్యాపారికి ప్రకటనలు రాసేవాణ్ణి. "మా అప్పడం ఇక్కడ విరిస్తే గోపాలపూర్ సముద్రంలో చేపలు ఉలిక్కిపడతాయి" అని గోడలనిండా రాయించాను. అది చూసి, రాసినవాడెవడో కనుక్కుని, ఆవిడే స్వయంగా అప్పడాల కొట్టుకొచ్చింది.

"ఇది రాసినోడివి నువ్వేనా?"

"నేనేనండీ."

"సేపలు ఉలిక్కిపడ్డం సూసినావా?"

"లేదండీ."

"మరి అప్పడాలు అమ్ముడయినాయా?"

"అయ్యాయండీ."

ఆవిడ ఒక నిట్టూర్పు విడిచింది. నా మొత్తం జీవితచరిత్రని ఆ ఒక్క నిట్టూర్పులో చదివేసినట్టనిపించింది. "అయితే రేపట్నుంచి ఎలుగుబంటిని అమ్ముదువుగాని, రా" అంది.

ఎలుగుబంటిని అమ్మడం ఎంత కష్టమో మొదటిరోజే చెప్పింది. "పులికి మనం ఏటీ సెయ్యక్కర్నేదు రాంబాబూ, దాని సారలే దానికి పోస్టరు. ఏనుక్కి తొండముంది. తాబేలుకి సముద్రముంది, ఎన్నెలుంది. ఎలుగుకి ఏటుంది? బొచ్చు, సొంగ." ఆ బొచ్చుతోనూ సొంగతోనూ మా పని. దిగపహండి దాటాక కొండల అంచున జీడితోటలు. ఎండాకాలం పళ్ళు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఎలుగులు కొండ దిగి వస్తాయి, పళ్ళకోసం. అదే వేళకి మనుషులూ వెళతారు, పిక్కలకోసం. ఇద్దరూ వంగి ఏరుకుంటూ ఒకే చెట్టుకిందికి వచ్చేస్తారు. తలెత్తేసరికి మూరెడు దూరం. ఎలుగు భయంతో ముఖంమీద కొడుతుంది, మనుషులు కోపంతో గొడ్డళ్ళు పట్టుకుంటారు. మనిషి ముఖం చీలకూడదు, ఎలుగు ప్రాణం పోకూడదు. మా సంస్థ ఆశయాలు పెద్ద పుస్తకంగా వేసుకున్నా లోపల ఉన్నది ఇంతే.

దీనికి నాని దగ్గర ఒక పద్ధతుండేది. ఏ కాగితమైనా సరే, అచ్చుకి వెళ్ళేముందు తోటకెళ్ళే మనిషికి చదివి వినిపించాలి. ఆ ఊళ్ళలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు అరుగులమీద కూర్చుని విస్తరాకులు కుడతారు. ఎడంచేత్తో ఆకులు, కుడిచేత్తో సన్నటి వెదురుపుల్ల. నేను చదువుతుంటే నాని నావైపు చూసేది కాదు, ఆ చేతులవైపు చూసేది. "పుల్ల ఆగనేదు. కొట్టెయ్." మరో వాక్యం. "ఆగనేదు. కొట్టెయ్." నేను రాత్రింబవళ్ళు కష్టపడి "వనమాత ముద్దుబిడ్డ, కొండకోనల కారునలుపు కవచధారి" అని రాసుకెళితే, వింటున్నావిడ ఒక్కసారి కూడా పుల్ల ఆపకుండా మూడు విస్తళ్ళు కుట్టేసింది. "సూసినావా, నీ కవచధారి ఎల్లిపోయేసరికి మూడు ఇస్తళ్ళయినాయి" అంది నాని. చివరికి పుల్ల ఆగిన వాక్యం ఒకటే. "తెల్లారినాక ఎల్లండి, ఒంటరిగా ఎల్లకండి." ఆ ఒక్క ముక్కనే ఆవిడ ఊరూరా తిరిగి, ఏటేటా చెప్పేది. చెప్పిందే చెప్పి చెప్పి గొంతు రంపపు పొట్టులా రాలిపోయేది. విసుగు రాదా అని అడిగాను. "వస్తాది. విసుగొచ్చినాక కూడా సెప్పడమే ఉద్యోగం. రానంతవరకూ సరదా" అంది.

నాకు మాత్రం విసుగు తొందరగా వచ్చింది. భువనేశ్వర్‌లోని పెద్దాఫీసువాళ్ళకీ వచ్చింది. జనం ప్రేమించాలి, ఫోన్లలో పంచుకోవాలి, ఏదైనా కొత్తగా చెయ్యండి అన్నారు. నా బుర్రలో టపాకాయల దుకాణం అంటుకుంది. మా బరంపురంలో ఠాకురాణి యాత్రకి మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. ఆ వేషాలు కుట్టే దర్జీ దగ్గరికెళ్ళి ఒక ఎలుగుబంటి వేషం కుట్టించాను. నల్లటి ఊలు, గోనెపట్టా, ఏనుగు పిల్ల పట్టేంత తల. ముఖానికి ఈ చెవినుంచి ఆ చెవిదాకా ఎర్రటి గుడ్డతో నవ్వు. పేరు భాలు మామ. అంటే ఎలుగు మామయ్య. లోపల ఉండేవాణ్ణి నేనే, మరొకరికి ఆ భాగ్యం ఇవ్వబుద్ధి కాలేదు.

నాని ఆ తలని బల్లమీద పెట్టించి చాలాసేపు చూసింది.

"ఏటిది, నవ్వుతోందేటి?"

"పిల్లలు భయపడకూడదు కదా నానీ."

"భయపడాల రాంబాబూ. కొంచెం భయపడాల. ఆ నవ్వు కుట్లు ఇప్పించు."

"రేపే కదా స్కూల్లో కార్యక్రమం! దర్జీ ఊళ్ళో లేడు నానీ."

దర్జీ ఊళ్ళోనే ఉన్నాడు. మా వెనక వీధిలో టీ తాగుతున్నాడు. నాని నావైపు చూసింది. ఆ నెలంతా ఆవిడ జీపులోనే ఉంది, మోకాళ్ళు గుమ్మడికాయలంత అయ్యాయి. ఈ గుమ్మడికాయలు నేను పెంచి చెప్పినవి కావు. "తోటకెల్లేవోళ్ళకి సూపించినావా?" అని అడిగింది. లేదన్నాను. కళ్ళు మూసుకుంది. "సరే. ఈ ఒక్కపాలికీ" అంది. ఆవిడ అలిసిపోయినందుకు ఆ క్షణాన నేను సంతోషించాను. జీవితంలో చేసిన పనుల్లో దేన్ని వెనక్కి తీసుకుంటావని దేవుడు అడిగితే, వరసలో ముందున్నది ఆ సంతోషమే.

కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. కొండ అంచున ఉన్న ఊరు అది, పేరు చెప్పను, నావల్ల ఆ ఊరికి జరిగింది చాలు. ఏప్రిల్ ఎండలో ఊలు తొడుక్కుని గంటసేపు గెంతాను. నా చెమటతో ఋషికుల్యకి వరద వచ్చి ఉండాలి. పిల్లలు, పెద్దలు, దారినపోయే ఒక మేక, అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపారు. దండపాణి అని, ఒక జీడితోటకి కాపలా కాసే యాభై అయిదేళ్ళ మనిషి, మనవరాలిని ఎత్తుకుని వచ్చి నాతో చెయ్యి కలిపాడు. "ఏటి మామా, మా తోటలో పళ్ళన్నీ నువ్వే తినేత్తన్నావా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. నేను తల ఊపాను. కుట్టిన నవ్వు లోపల నేను కూడా నవ్వాను. పెద్దాఫీసువాళ్ళు ఫోటోలు చూసి మురిసిపోయారు. తిరుగు ప్రయాణంలో జీపులో నాని ఒక్కటే మాట అంది. "అందరూ నవ్వినారు. ఒక్కలైనా బెదిరినారా?"

పదిరోజులు గడిచాయి. ఒక ఉదయం ఫోనొచ్చింది. దండపాణి తోటలో ఎలుగుకి చిక్కాడు. పిల్లల్ని వీపుమీద మోస్తున్న తల్లి ఎలుగు. బరంపురం పెద్దాసుపత్రికి తెచ్చారు. మేం వెళ్ళేసరికి అతని ముఖమంతా కట్లు. వరండాలో నేలమీద అతని భార్య తవిటమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. తలెత్తి నన్ను చూసి, "ఎవులు బాబూ నువ్వు?" అంది. ఆవిడ నా ముఖం ఎప్పుడూ చూడలేదు మరి, ఆ రోజు నా ముఖం ఊలు వెనక ఉంది. నాని ఆవిడ పక్కన నేలమీద కూర్చుంది. అలా కూర్చోవడానికి ఆ మోకాళ్ళకి ఎంతసేపు పట్టిందో. "మేం ఎలుగుబంటోళ్ళమమ్మా" అంది. తవిటమ్మ ముఖం తిప్పేసుకుంది. ఒక కన్ను పోయిందని సాయంత్రం డాక్టరు చెప్పాడు.

జీపులో నేనే అన్నాను.

"నానీ, ఆరోజు దర్జీ ఊళ్ళోనే ఉన్నాడు."

"తెల్సు."

"తెలుసా?"

"నువ్వు సెప్పినప్పుడే తెల్సు. ఓపిక నేక ఊరుకున్నాను." మోకాళ్ళు రుద్దుకుంటూ అంది, "నీది అబద్దం, నాది అలుపు. ఇద్దరం కలిసి కుట్టినాం ఆ నవ్వు."

మర్నాడే ఊరికి బయల్దేరింది. పెద్దాఫీసువాళ్ళు ఫోను చేసి, ఇప్పుడు వెళ్ళకండి, గొడవ సద్దుమణగనివ్వండి అన్నారు. "సద్దుమణిగేటప్పటికి అది సచ్చిపోతాది" అని ఫోను పెట్టేసింది. నిజమే, బడి ముందర ముప్ఫైమంది గొడ్డళ్ళతో ఉన్నారు. నేను మామూలుగా అయితే మూడొందలమంది అని రాస్తాను, కాని ముప్ఫైమందే. ఎలుగూ దాని పిల్లలూ ఉండే బండసందు వాళ్ళకి తెలుసు. నాని జీపులోంచి వేషం తల దింపించి వాళ్ళ మధ్యలో పెట్టించింది.

"ఎలుగు తప్పేటీ నేదు. పిల్లలున్న తల్లి అది. తప్పు మాది" అంది.

"మీదేటి తప్పు?" అన్నాడు ఊరిపెద్ద. వెటకారంగానే అన్నాడు.

"ఈ నవ్వు. ఎలుగు నవ్వదు. నవ్వుతాదని మీకు సూపించినాం. నాను ఒప్పుకున్నాను కాబట్టే ఒచ్చింది ఇది మీ ఊరు." నా పేరు ఆవిడ ఎత్తలేదు. నావైపు తిరిగి, "రాంబాబూ, ఇప్పు" అంది.

బడి అరుగుమీద కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పాను. ఆ దర్జీ ఎంత గట్టిగా కుట్టాడో! ఒక్కో కుట్టు ఒక్కో ముడి. ముప్ఫైమంది నిలబడి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు, కదల్లేదు. వేషాలు వేసి, మాటలు పేర్చి, నేను ఎన్నో గుంపుల్ని నిలబెట్టాను. అంత శ్రద్ధగా నన్ను చూసిన గుంపు మాత్రం అదొక్కటే. ఎర్రగుడ్డ ఊడి వచ్చాక వెనక గోనెపట్టా బయటపడింది. ఊరిపెద్ద ఆ గుడ్డని కాలితో పక్కకి నెట్టాడు. "ఈ పంట అయ్యేవరకూ సూత్తాం. ఇంకొకలికి దెబ్బ తగిలిందంటే మీరొచ్చినా ఆగం" అన్నాడు. పంట అయిపోవడానికి ఇంకా నెలన్నర ఉంది.

ఆ నెలన్నరా నాని ఆ ఊళ్ళోనే తెల్లవార్చింది. పొద్దున్నే తోటల దారిలో నిలబడి, వెళ్ళేవాళ్ళకి తన అరిగిపోయిన ముక్క చెప్పేది. చాలామంది పక్కనుంచి వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నం దండపాణి ఇంటి అరుగుమీద కూర్చునేది. తవిటమ్మ మాట్లాడేది కాదు, పొమ్మనేదీ కాదు. ఆకులు కుట్టుకుంటూ ఉండేది. నాని కూడా నాలుగాకులు ముందేసుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఆవిడ కుట్టిన విస్తట్లో సాంబారు పోస్తే భూమాత తాగాల్సిందే. పన్నెండో రోజో పదమూడో రోజో తవిటమ్మ ఆ విస్తరి లాక్కుని, విప్పి, "సదువుకున్నావు, పుల్ల గుచ్చడం రాదేటి?" అని మళ్ళీ కుట్టింది. ఆసుపత్రి తరవాత మాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

నేను ఒక కొత్త కాగితం రాసుకెళ్ళాను. క్షమాపణ, జాగ్రత్తలు, ప్రకృతి, బాధ్యత, అన్నీ కన్నీళ్ళతో కలిపి రెండు పేజీలు. చదివాను. తవిటమ్మ పుల్ల ఒక్కచోటైనా ఆగలేదు. అయ్యాక ఆవిడ నిదానంగా అంది. "ఇంత సెప్పక్కర్నేదు బాబూ. మా ఇంటాయన రోజూ డబ్బా అట్టుకెల్లేవోడు. కోతులు పోడానికి. అది ఆడిత్తే ఎలుగులు కూడా సాటుకెల్లిపోయేవి. ఆరోజు మనవరాలు భాలు మామ పొటో తెమ్మన్నాది. సప్పుడైతే మామ పారిపోతాడని డబ్బా ఇంటికాడ ఒదిలేసి ఎల్లినాడు." గుమ్మం పక్క మేకుకి తగిలించి ఉంది, గులకరాళ్ళు పోసిన తుప్పు డబ్బా.

ఈసారి పుల్ల ఆగింది. ఆగింది నాని చేతిలో.

ఇక కాగితాలు లేవు. బరంపురం మిఠాయి కొట్లలో, టీ కొట్లలో ఉన్న ఖాళీ పాలపొడి డబ్బాలన్నీ నా నెత్తిమీదే మోశాను. అంటే జీపులో. రాళ్ళు ఊరివాళ్ళే ఏరారు. డబ్బామీద ఎలుగు బొమ్మ వేద్దామన్నాను, నాని చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. తవిటమ్మే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చింది. "మా ఇంటాయన అట్టుకెల్లనేదు. మీరు అట్టుకెల్లండి." ఆ ముక్కకి ఆ ఊళ్ళో కుడుతున్న ప్రతి పుల్లా ఆగింది. తెల్లవారేసరికి కొండ అంచంతా గలగలలు. నాని అప్పుడు కూడా ఉప్పొంగలేదు. రోజూ ఫోను పక్కన పెట్టుకుని కూర్చునేది, మోగితే ఉలిక్కిపడేది.

పంట అయిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎలుగు బతికి ఉందో లేదో చూద్దామని బండసందు దాకా వెళ్ళాం. నేనైతే తల్లి ఎలుగు పిల్లలతో బయటికొచ్చి మా నానికి నమస్కారం పెట్టిందని రాయాలి. మాకు కనిపించింది తాజా పెంట, దాన్నిండా జీడిపండు తొక్కలు. నాని వంగి చూసి, "ఉన్నాది" అంది. నెలన్నర తరవాత ఆవిడ ముఖంలో చూసిన పండగ అంతే.

పెద్దాఫీసువాళ్ళు ఈ పనికి ఫోటోలు పంపమన్నారు. ఏం ఫోటో పంపాలి? చీలని ముఖానికీ, చావని ఎలుగుకీ ఫోటో ఎక్కడ దొరుకుతుంది? ఏమీ జరగని ఒక పొద్దుటిపూట కోసం ఈవిడ మోకాళ్ళు అరగదీసుకుంటోంది. ఆ ఏమీ జరగకపోవడాన్ని ఎవరికీ చూపించలేం. ఆ సంగతి నాకు అర్థమైంది అప్పుడే. దండపాణి మాత్రం కోలుకున్నాక నన్ను పిలిచి, ఉన్న ఒక కంటితో ఎగాదిగా చూశాడు. "ఎలుగులో ఉన్నది నువ్వేనట కదా? ఆరోజే అనుకున్నాను, సెయ్యి మరీ మెత్తగా ఉన్నాదేటని. పని సేసిన సెయ్యి కాదు" అన్నాడు. అది నాకు దొరికిన క్షమో శిక్షో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నాని రిటైరైన రోజున సన్మానం వద్దంది. తన జీపులో పెట్టుకు తిరిగే డబ్బా నా చేతిలో పెట్టింది. "నిన్ను ఎలుగులేటీ సెయ్యవు రాంబాబూ. నువ్వు కోతలు మొదలెట్టేముందు ఒకపాలి ఆడించు, ఎదుటోళ్ళు జాగర్తపడతారు." రెండేళ్ళ కిందట పోయింది. పేపర్లో రాలేదు. నేను రాశాను కాని, పంపేముందు మా ఆవిడ వంకాయలు తరుగుతుంటే చదివాను. కత్తి ఆగలేదు. అన్నీ పెద్దపెద్ద మాటలే. చించేశాను. ఇవాళ్టికీ ఏం రాసినా ఆ కత్తిని దాటించే పంపుతాను. చాలావరకు దాటవు.

బస్సు బరంపురం పొలిమేరకొచ్చింది. పక్కావిడ గంపలోంచి ఒక్కో పండూ తీసి కొంగుతో తుడుచుకుంటోంది. ఉండబట్టలేక అడిగాను.

"ఆ డబ్బా ఎందుకమ్మా?"

"ఇదా? ఎలుగులు పోడానికి బాబూ. మా ఊళ్ళో డబ్బా నేకుండా ఎవులూ తోటకెల్లరు."

"ఎవరు నేర్పారు?"

"ఎవులు నేర్పుతారేటి! పెద్దలనాటి అలవాటు. మా అత్తకి ఆళ్ళత్త ఇచ్చినాది. ఈ డబ్బాతోటే ఒక్కపాలి ఏడు ఎలుగుల్ని కొండెక్కించేసినాదట మా ముసల్ది!"

డబ్బామీద పాలపొడి బొమ్మ ఇంకా సగం చెరిగిపోకుండా ఉంది. ఏడు ఎలుగులు! నా వృత్తిలో నన్ను మించిన మనిషి నా పక్క సీట్లోనే కూర్చుంది. చెప్పేద్దామని నోరు తెరిచాను, హల్దియాపదర్‌లో సత్యవతి అని ఒకావిడ ఉండేదమ్మా అని. చెబితే ఎన్ని ఎలుగులు చేరతాయో నాకే తెలియదు. నోరు మూసి, నా సంచీలోంచి నాని డబ్బా తీసి ఒకసారి ఆడించాను.

ఆవిడ నవ్వింది. "నీకూ తోటున్నాదేటి బాబూ?"

"లేదమ్మా. నేను కాగితాలు రాస్తాను."

"మరి డబ్బా దేనికి?"

"ఒకసారి ఇది ఆడించకుండా రాశాను. ఒకాయనకి కన్ను పోయింది."

పండు తుడుస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది.